అమ్మ పొట్ట

"ఆవిడకి పొట్టకేం కొదవ లేదండీ, ఎంత కావాలంటే అంత తీసుకోండి," అన్నాడు భర్త డాక్టరమ్మతో. తన మాటకి తనే నవ్వుకున్నాడు.

ఆమె ఎడమ రొమ్ము కేన్సరుకి పోయి ఏడాది దాటింది. మళ్లీ ఆకారం తెచ్చుకునే దారులేమిటో కనుక్కుందామని ఇద్దరూ వచ్చారు. పొత్తికడుపు దగ్గర చర్మం, కొవ్వు తీసి రొమ్ముగా మలచవచ్చని డాక్టరమ్మ అనడమే ఆలస్యం, ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఉన్న పొట్ట పోతుంది, పోయిన రొమ్ము వస్తుంది, ఇంకేం కావాలి! కొన్ని వారాలు బరువులెత్తకూడదంటే "ఇంట్లో పెద్ద పనేముందండీ" అన్నాడు. నీళ్ల బకెట్లూ, పరుపులూ, నిండు కుక్కరూ వాటంతటవే నడిచి వెళ్తున్నాయనుకున్నాడు కాబోలు ఇన్నాళ్లూ.

అసలు ఆ పొట్టని ఆయన ఏనాడు ఆదరంగా చూశాడు గనక? కూతురు పుట్టిన కొత్తల్లో అత్తగారు "ఇంకోదాన్ని లోపలే మర్చిపోయావేమో చూసుకో" అంటే పగలబడి నవ్వాడు. ఆఫీసువాళ్ల విందులకి వెళ్లేటప్పుడు "కొంగు సరిగ్గా కప్పుకో" అని గుమ్మంలోనే గుర్తుచేసేవాడు. ఆమె కప్పుకునేది. ఫొటోల్లో ఎప్పుడూ ఎవరో ఒకరి వెనకాలే నిలబడేది.

పొట్టకి మంచి రోజులు లేకపోలేదు. ఆమె చిన్నప్పుడు మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక వాళ్లమ్మ వంటింటి గచ్చు మీదే నడుం వాల్చేది. ఆ పొట్ట మీద తల పెట్టుకోవడానికి అక్కాచెల్లెళ్లు జుట్లు పట్టుకునేవారు. తన వంతు దక్కిన రోజున చెవి ఆనించి, లోపలి గుడగుడలు వింటూ, అమ్మ ఊపిరితో పాటు పైకీ కిందికీ ఊగుతూ నిద్రపోయేది. చీర నిండా సబ్బు వాసన. తర్వాత తన పొట్ట మీద తన కూతురూ అంతే. "అమ్మా, లోపల ఎవరో కుర్చీలు జరుపుతున్నారే" అనేది. ఉద్యోగం చేస్తున్న ఆ పిల్ల ఇప్పటికీ ఇంటికి రాగానే బ్యాగు ఓ మూల పడేసి అక్కడే వాలుతుంది. ఆ ఇంట్లో ఎవరూ తనకి వంక పెట్టని చోటు ఆ పిల్లకి అదొక్కటే. ఆమె డాక్టరమ్మ వైపు తిరిగింది.

"పొట్ట జోలికి వెళ్లకుండా ఏమున్నాయండీ?" అని అడిగింది.

మరో ఆపరేషన్‌తో లోపల సిలికాన్ సంచి పెట్టించుకోవచ్చు. ఏమీ చేయించుకోకుండా ఊరుకున్నా తప్పు లేదు. లేదంటే బ్రాలో పెట్టుకునే సిలికాన్ రొమ్ము కొలతకి తగ్గది దొరుకుతుంది, పెట్టుకోవచ్చు, తీసేయవచ్చు అంది డాక్టరమ్మ.

"అది చాలండీ. బయటికి వెళ్లేటప్పుడు పెట్టుకుంటాను."

ఆయన మొహం చిన్నబోయింది.

"మరి ఇంట్లో?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఇంట్లో నేనుంటాను," అంది ఆమె.