మిగిలిన గురువారం

చింతపండు గుజ్జులో గుప్పెడు ఉప్పు కలిపి, మంగతాయారు పెద్ద దీపం కుందిని ఒళ్ళోకి లాక్కుంది. దొడ్లో నూతి గట్టు మీద కూర్చుని ఇత్తడి తోమడం ఆమెకి పన్నెండో ఏట పట్టుబడిన విద్య. ఇప్పుడు అరవై మూడు. వేళ్ళ సందుల్లో ఒరిసిన చోటల్లా పులుపు మండుతోంది. మండితే మండింది. వీధి గది, నడవ, వసారా అప్పటికే ఊడ్చి, నాలుగు బిందెల నీళ్ళు కుమ్మరించి, చీపురుతో గడప తూములోంచి వీధిలోకి తోసేసింది. ఇల్లు కడిగాకే ఇత్తడి. ఆ వరస తప్పితే ఇంటి పెద్దావిడ వీరవేణిగారు ఊరుకోరు.

కనకాలపేట నుంచి తల్లి కొంగు పట్టుకుని ఈ ఇంటికొచ్చినప్పుడు వారానికి ఏడు రోజులూ పనే. సోమవారం దుప్పట్లు సోడాలో ఉడకేసి బాదడం. మంగళవారం బూజుకర్ర ముట్టకూడదు గనక పప్పులు చెరగడం. బూజులు బుధవారానికి. గురువారం ఇల్లు కడగడం, ఇత్తడి తోమడం. శుక్రవారం గడపకి పసుపు. శనివారం ఇంట్లో మగాళ్ళ తలంట్లకి కుంకుడుకాయలు కొట్టడం. ఆదివారం బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కబుర్లు. తారీఖులెవరికి కావాలి? చేతిలో పనే చెప్పేది, ఇవాళ ఏం వారమో.

తర్వాత ఒక్కో రోజూ జారిపోయింది. సోమవారాన్ని మిషను పట్టుకుపోయింది. కుంకుళ్ళ పని షాంపూ పేకెట్టు చేసింది. కొన్న బియ్యంలో రాళ్ళే లేవు, ఇంక ఏరేదేముంది? వీరవేణిగారి కోడలు సాయిదివ్య నేలకి టైల్స్ వేయించి, మాప్ కర్ర కొని, "ఇంక మంగమ్మకి పనేం లేదత్తయ్యా" అంది.

వీరవేణిగారు మంచం మీంచే కసిరారు. "తడిగుడ్డ ఈడిస్తే ఇల్లు కడిగినట్టా, నా మొహం! గురువారం మాత్రం దాన్ని రానీ."

అలా వారం మొత్తం పోయి మంగతాయారుకి గురువారం ఒక్కటి మిగిలింది. ఆవిడున్నన్నాళ్ళే ఆ ఒక్కటీ ఉంటుందని ఆమెకి తెలుసు. పని సంగతి అలా ఉంచితే, ఆవిడంటే ఆమెకి ప్రాణం. మొగుడు పోయిన ఏడు రెండు నెలలపాటు ఇదే వసారాలో అన్నం పెట్టి, ఒక్క పనీ చెప్పని మనిషి.

ఈపాటికి "మంగా, మూలలు వదలకే!" అని కేక వినపడాలి. పడగ్గది తలుపు వేసుంది. పడుకున్నారులే అనుకుంది.

గోడ అవతల నుంచి పక్కింటి తెరేసమ్మ తొంగిచూసింది. "ఏంటే మంగా, వీధంతా తడి చేసేశావ్! వాళ్ళు కాకినాడ బయల్దేరి గంటన్నా కాలేదు కదే."

"కాకినాడేంటమ్మా?"

"అయ్యో, నీకు తెలీదా? తెల్లారగట్ల వేణమ్మగారికి ఆయాసం ఎక్కువైపోయింది. కొడుకూ కోడలూ కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. వాళ్ళు దొడ్డి తలుపు మర్చిపోయి వీధి తలుపుకే తాళం వేసుకెళ్ళడం, నువ్వు దొడ్డిదారిన రావడం ఒకటే అయినట్టుంది."

మంగతాయారు చెయ్యి ఆగిపోయింది.

ఇంట్లోంచి మనిషి బయల్దేరితే, క్షేమంగా చేరినట్టు కబురొచ్చేదాకా చీపురు పట్టకూడదు. కడగడం అసలే కూడదు. అది శవం వీధి దాటాక చేసే పని. ఈ మాట నేర్పింది కూడా వీరవేణిగారే. "ఎంత పని చేశానురా భగవంతుడా!" అని లోపలికి పరిగెత్తింది. నేల సగం ఆరిపోయింది. వీధిలోకి పోయిన నీళ్ళని వెనక్కెలా తేవాలి?

మళ్ళీ దొడ్లోకొచ్చి కుంది ముందు కూలబడింది. ఇత్తడి అయితేనే గురువారం పని అయినట్టు. కుంది సగమే తోమింది గనక పని కాలేదు. కాలేదు గనక కడిగినట్టు కాదు. అలా తనకి తానే సర్దిచెప్పుకుని, కుందిని ముట్టుకోకుండా, మంచినీళ్ళన్నా తాగకుండా మధ్యాహ్నం దాకా కూర్చుంది.

రెండింటికి అంబులెన్సు వచ్చింది. సైరన్ లేదు, తొందరా లేదు. కొడుకు కిరణ్, మరో ఇద్దరూ కలిసి వీరవేణిగారిని వీధి గదిలో చాప మీద పడుకోబెట్టారు. తల దగ్గర దీపం పెట్టమన్నారెవరో. సాయిదివ్య దొడ్లోకి పరిగెత్తి, చేతికందిన కుంది తెచ్చి వెలిగించింది.

తర్వాత వచ్చి మంగతాయారు పక్కన చతికిలబడింది. "కారెక్కుతూ అత్తయ్య నీకో మాట చెప్పమన్నారు. 'మంగకి ఫోన్ చెయ్యి, నేను చేరేదాకా ఊడవద్దను' అని. హడావిడిలో మర్చిపోయాను మంగమ్మా." ఆ పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు ఊడవలేదు కదా?"

మంగతాయారు ఆ మొహంలోకి చూసింది. తన వారాన్నంతా పట్టుకుపోయిన పిల్లే. అయినా చెడ్డది కాదు. నిజం చెబితే బతికినన్నాళ్ళూ మోస్తుంది.

"లేదండి. చీపురు ముట్టుకోలేదు. ఇవాళ ఇత్తడే ముందేసుకున్నానండీ, ఆయ్."

ఆ వరస అబద్ధమని తెలిసిన మనిషి చాప మీద కళ్ళు మూసుకుని ఉంది. సాయిదివ్య మంగతాయారు భుజం మీద వాలి భోరుమంది.

సాయంత్రం పాడె వీధి మలుపు తిరగ్గానే, "మంగా, ఇల్లు కడిగెయ్యి" అన్నారు ఆడవాళ్ళు. ఆ గురువారం రెండోసారి నాలుగు బిందెలు తోడింది. ఏడుస్తూనే మూలమూలలా కడిగింది. చాప పరిచిన చోట, తడవకుండా పీట మీద పెట్టిన కుంది ఇంకా వెలుగుతోంది, ఒక పక్క బంగారంలా, రెండో పక్క నల్లగా, మధ్యలో ఎండిపోయిన చింతపండు చారతో.