బోణీ కాకముందు

విమలకు నోళ్లు రెండు. ఒకటి అబిడ్స్‌ది, ఒకటి ఇంటిది.

అబిడ్స్ నోటితో ఆమె "రండమ్మా, కూర్చోండి, ఈ రంగు మీకు ఎంత బాగా నప్పుతుందో చూడండి" అని మర్యాదగా మాట్లాడేది. ఇంటి నోరు మాత్రం నాంపల్లి స్టేషను వెనుక కిరాయి గదిలో, వాళ్లమ్మ సమ్మక్క దగ్గర అబ్బినది. సమ్మక్క మొజంజాహీ మార్కెట్టు బయట గంపలో పండ్లు అమ్ముతుంది. ఆమె ద్రాక్ష ఎంత తీపో నోరు అంత ఘాటు. తూకం మీద అనుమానపడ్డవాడికి ఒక తిట్టు, పండు నొక్కి చూసినవాడికి ఒక తిట్టు, అరగంట బేరమాడి కొనకుండా పోయినవాడికైతే వీధి మలుపు తిరిగేదాకా సాగనంపే తిట్లు. అవన్నీ వింటూ పెరిగిన విమల, మెట్రిక్ పాసై విద్యాసాగర్ గారి చీరల దుకాణంలో చేరిన రోజున ఆ నోటికి తాళం వేసింది. అప్పటి నుంచి దుకాణంలో ఎవరూ ఆమె కసరగా వినలేదు. అందుకు ఆమెకు లోలోపల చెప్పలేనంత గర్వం.

కొత్త రాష్ట్రం ఏర్పడి, కర్నూలు నుంచి ఆఫీసులూ ఆఫీసుల వెంట సంసారాలూ హైదరాబాదులో దిగాక అబిడ్స్‌లో చీరల గిరాకీ పెరిగింది. రవికె గుడ్డల గురించీ లంగాల గురించీ మగవాళ్లను అడగడానికి మొహమాటపడే ఆడవాళ్ల కోసం విద్యాసాగర్ ఒక అమ్మాయిని పెట్టుకున్నాడు. చీరల దుకాణంలో ఆడపిల్ల పనిచేయడం ఆ వీధికి వింత. ఊరికే చూసిపోవడానికి వచ్చినవాళ్లూ ఉన్నారు. పెట్టుకోవడమైతే పెట్టుకున్నాడు గాని, ఆమెను పరుపు మీద కూర్చోబెట్టే ధైర్యం ఆయనకు చాల్లేదు.

ఆ పరుపు సంగతి చెప్పాలి. దుకాణం ఈ కొస నుంచి ఆ కొస దాకా తెల్ల దుప్పటి పరిచిన పరుపు ఉండేది. దాని మీద కూర్చుని చీర విప్పి చూపించేవాడే అమ్మేవాడు. కింద నిలబడి అందించేవాళ్లూ మడతలు పెట్టేవాళ్లూ ఎంతమంది ఉన్నా, ఎంత చదివినా, వాళ్లు పనివాళ్లే. ఎవరు విప్పిన చీర వాళ్లే మడవాలని దుకాణంలో ఒక కట్టుబాటు ఉంది. ఆ కట్టుబాటు అందరికీ వర్తించేది, ఒక్క రాజనర్సుకు తప్ప.

రాజనర్సు విద్యాసాగర్ తండ్రి, పెద్ద సేఠ్ కాలం నాటి మనిషి. పరుపు మీద నడిమి చోటు ఆయనది. చీర విప్పడంలో మొనగాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆయన చెయ్యి విసిరితే కొంగు వెళ్లి సరిగ్గా కొనేవాళ్ల ఒళ్లో పడేది. మడవడమంటే మాత్రం ఆయనకు నామోషీ. "బిడ్డా విమలా, జర గివి మడత పెట్టు" అని కుప్పంతా ఆమె మీదకు తోసేవాడు. తండ్రి వయసువాడు కదా అని విమల "ఔ కాకా" అని మడిచేది. మడవడం అయ్యేసరికి ఇంకో కుప్ప. పోనీ ఆమె ఎవరికైనా చీర చూపించబోతే, "ఆమెకు తెల్వదమ్మా, గిటు రాండ్రి" అని గిరాకీని తనవైపు లాక్కునేవాడు. విమల పళ్లు బిగబట్టి ఊరుకునేది. ఊరుకోవడం కూడా అబిడ్స్ పద్ధతేనని తనకు తాను సర్దిచెప్పుకునేది.

ఇలా ఉండగా నాంపల్లిలో పంతులమ్మగా పనిచేసే కమలకుమారి రవికె గుడ్డ కోసం వచ్చి విమలతో మాట కలిపింది. గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. పెళ్లి కుదిరింది. పెళ్లి చీరలు విమల చేతనే చూపించుకుని కొంటానని మాట ఇచ్చింది. విమల ధైర్యం చేసి సేఠ్ దగ్గరకు వెళ్లింది.

"టీచరమ్మ వస్తె నేనే చూపిస్త సేఠ్‌సాబ్. పరుపు మీద కూసోని చూపిస్త," అన్నది.

విద్యాసాగర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. "సరే. గా ఒక్క బేరం చూద్దాం. మంచిగయితే ఇంక రోజూ కూసో."

రాజనర్సు అక్కడే ఉన్నాడు. విననట్టే ఉన్నాడు గాని అంతా విన్నాడు.

దీపాలు పెట్టే వేళకు విమలను ఇంటికి పంపేసేవాళ్లు. ఒకరోజు ఆమె అలా వెళ్లిపోయాక పంతులమ్మ వచ్చింది. ఆ సంగతి మర్నాడు పొద్దున దుకాణంలో అడుగుపెట్టే దాకా విమలకు తెలియదు.

పొద్దున అంటే ఇంకా బోణీ కాలేదు. బోణీ అయ్యేదాకా ఆ దుకాణంలో ఎవరూ గొంతు పెంచరు. లేదన్న మాట, పోయిందన్న మాట, చావు మాట నోట రానివ్వరు. సేఠ్ అయితే తుమ్ము వచ్చినా ముక్కు నలిపి ఆపుకునేవాడు. ఆయన లక్ష్మి పటానికి దండ వేసి ఊదువత్తులు వెలిగిస్తున్నాడు. పరుపు కొసన పట్టుచీరల కుప్ప ఒకటి, మడవకుండా, విమల కోసం ఎదురుచూస్తున్నది.

"నీ టీచరమ్మ చూసినవే గివన్ని," అన్నాడు రాజనర్సు, నడిమి చోట్లో సర్దుకుని కూర్చుంటూ. "మంచి మంచి చీరలు కొన్నది. నిన్ను అడిగింది."

"ఏం చెప్పిన్రు కాకా?"

"పని మానేసిందని చెప్పిన. పెండ్లి కుదిరిందని చెప్పిన. సంతోషపడ్డది పాపం. నిలబడ్డవేంది, మడత పెట్టు."

తాళం ఎప్పుడు ఊడిందో విమలకే తెలియదు.

"ఏయ్ బాడ్కావ్," అన్నది. ఆ గొంతు వీధి దాకా వినబడింది. "నా బేరం గుంజుకొని నాతోనే మడతలు పెట్టిపిచ్చుకుంటవా? లేని పెండ్లి చేస్తవా నాకు? నీ పాడె గట్ట. నీ నోట్ల మన్ను వడ. నువ్విప్పిన చీరలు నువ్వే మడుసుకో, లేకుంటె నెత్తిన కప్పుకొని పో."

ఊదువత్తుల కట్ట సేఠ్ చేతిలోనే ఉండిపోయింది. బాడ్కావ్ అన్న మాట ఆయన చెవికి పెద్దగా ఎక్కలేదు, అది బజార్లో రోజూ వినేదే. బోణీ కాకముందు, లక్ష్మి పటం ఎదుట, ఒక ఆడపిల్ల నోట పాడె మాట వచ్చింది. ఆయన ముఖం మాడిపోయింది. రాజనర్సు ముందు తెల్లబోయాడు. తర్వాత తేరుకుని తువ్వాలు తీసి కళ్లు ఒత్తుకున్నాడు. ఆ కళ్లలో తడి లేదని విమల చూస్తూనే ఉంది.

"విమలా," అన్నాడు సేఠ్. "గీ పొద్దు బోణీ ఖరాబు చేసినవ్. పెద్దమనిషిని అనరాని మాటన్నవ్. ఆయన కాళ్లు మొక్కి తప్పయిందను. మొక్కితె పనిల ఉంటవ్. లేకుంటె రేపటి సంది రాకు."

విమల పటం ముందుకు వెళ్లి దండం పెట్టింది. ఆ తర్వాత సేఠ్‌కు పెట్టింది.

"బోణీ కాకముందు నోరు జారిన. గది నా తప్పే. అమ్మవారు మాఫ్ చెయ్యాలె, మీరు మాఫ్ చెయ్యాలె. కాకా కాళ్లు మాత్రం మొక్క. ఆయనకు గా మాటలు తగినయే. బోణీ అయినంక అంటె సరిపోతుండె."

"పగటి బువ్వ దాకా టైమిస్తున్న," అన్నాడు సేఠ్, ఇంకో మాట ఏమొస్తుందోనని భయపడి. "బయటికి పోయి జర సోంచాయించుకో."

ఆమె అబిడ్స్ రోడ్డు మీదకు వచ్చింది. ఉద్యోగం పోతుందేమోనని దిగులు పట్టుకుంది. ఇంత సిగ్గుమాలిన పని చేశానే అని బాధపడదామని చూసింది గాని, ఆ బాధ రాలేదు. నడుస్తున్నకొద్దీ ఒళ్లు తేలికైంది. అన్నాళ్ల మడతలన్నీ ఒక్క మాటతో వదిలిపోయినట్టుంది. సాయంత్రం నాంపల్లి వెళ్లి, తనకు ఏ పెళ్లీ కుదరలేదని పంతులమ్మకు చెప్పి రావాలనుకుంది. మొజంజాహీ మార్కెట్టు గడియారం కనబడేసరికి ఆమె తల ఎత్తుకుని నడుస్తోంది.

సమ్మక్క గంప ముందు కూర్చుని ద్రాక్ష గుత్తుల మీద నీళ్లు చిలకరిస్తోంది. కూతురు ఆ వేళప్పుడు రావడం చూసి ఏం జరిగిందని అడిగింది. విమల మొత్తం చెప్పింది.

"ఏమన్నవ్ వాణ్ని?"

"బాడ్కావ్ అన్న. పాడె గట్ట అన్న. నోట్ల మన్ను వడ అన్న."

"గంతేనా?" అంది సమ్మక్క. ఆ మాటలో నిరుత్సాహం కనబడింది గాని, కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. ద్రాక్ష గుత్తి ఒకటి గంపలో సర్ది అడిగింది, "కాళ్లు మొక్కుతవా?"

"మొక్కనే మొక్క."

"మొక్కకు. నౌకరీ పోతె పోయింది. నా పక్కన గంప పెట్టుకుందువు గాని."

"గంప వద్దమ్మా. నాకు గా పరుపు మీద చోటు కావాలె."

సమ్మక్క కూతురి ముఖంలోకి చూసింది. "మీ దుకాణంల బోణీ అయిందా?"

"నేను వచ్చేటప్పుడైతే కాలే."

సమ్మక్క లేచి నిలబడింది. పక్క గంపామెకు తన గంప అప్పగించి, చేతులు కడుక్కుని, కొంగు బిగించి, "నడువ్" అంది.

తల్లిని ఇన్నాళ్లూ అబిడ్స్ వైపు రానివ్వలేదని విమలకు గుర్తొచ్చింది. తన తల్లి పండ్లు అమ్ముతుందని దుకాణంలో ఎవరికీ చెప్పలేదు. అది తలుచుకుంటే ఆమెకు తన మీదే ఒళ్లు మండింది. తల్లి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.

దుకాణం గుమ్మంలో సమ్మక్క కనబడగానే రాజనర్సు కూర్చున్నచోటు నుంచే చెయ్యి విసిరాడు. "పండ్లు వద్దమ్మా, పో పో."

"పండ్లు తేలే. చీర కొననీకి వచ్చిన."

సేఠ్ ఒక్క ఉదుటున లేచాడు. పొద్దుటి నుంచి ఆ గుమ్మం ఎక్కిన మొదటి మనిషి ఆమె. "రా అమ్మా, రా. లక్ష్మి లెక్క వచ్చినవ్. రాజనర్సూ, చూపియ్యి."

"ఈయన వద్దు," అంది సమ్మక్క. "గీ పిల్ల చూపియ్యాలె. గీమె నా బిడ్డ."

సేఠ్ తల్లినీ కూతురినీ మార్చి మార్చి చూశాడు. "చూపిస్తది లేమ్మా. గని మొదలు ఆయన కాళ్లు మొక్కాలె. గది గాక—"

"కొనేది నేను. అమ్మేది నా బిడ్డ. నడుమల ఈయన కాళ్లు నాకెందుకు సేఠ్? చూపియ్యమంటె కూసుంట. లేకుంటె మెట్లు దిగుత."

బోణీ బేరం ఉత్త చేతులతో మెట్లు దిగితే ఆ రోజే కాదు, ఆ పెళ్లిళ్ల సీజనంతా పోయినట్టే. అబిడ్స్‌లో ఎంతో మొజంజాహీ మార్కెట్టు బయటా అంతే. రోజూ అదే భయంతో గంప దించే సమ్మక్కకు ఆ భయం ఎంత పెద్దదో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె ఒక కాలు మెట్టు మీద పెట్టింది కూడా.

"కూసోమ్మా, కూసో," అన్నాడు సేఠ్. "విమలా, ఎక్కు."

విమల చెప్పులు విడిచి పరుపు ఎక్కింది. పరుపు కొసన, కుప్ప పక్కన, కాస్త చోటు దొరికింది. అక్కడే కూర్చుని తల్లి వైపు తిరిగింది.

"ఎటువంటివి చూపించమంటారమ్మా?"

సమ్మక్క ఒక్క క్షణం తడబడింది. పుట్టి బుద్ధెరిగాక ఆమెను ఎవరూ అలా అడగలేదు. "నారాయణపేటవి చూపియ్యుండ్రి," అంది, తనూ మర్యాదగా.

విమల చీర వెనుక చీర విప్పింది. కొంగు తల్లి ఒళ్లో పరిచి అంచు చూపించింది, నేత చూపించింది, ఉతికితే రంగు ఎలా నిలుస్తుందో చెప్పింది. సమ్మక్క ఊరుకోలేదు. బజార్లో తన గంప ముందు జనం ఎంత సతాయిస్తారో అంతా చేసింది. రంగు బాగాలేదంది, అంచు సన్నమంది, ధర సగానికి అడిగింది. రాజనర్సు తువ్వాలు చాటున నవ్వుతూ, కూతురు తల్లికి లొంగిపోతుందని చూస్తున్నాడు.

"మా దగ్గర ఒక్కటే మాటమ్మా," అంది విమల నవ్వుతూ. "కావాలంటే ఇంకో పది చూపిస్తాను. ధర మాత్రం తగ్గదు."

సమ్మక్క ఇంకాసేపు చూసి, ముదురాకుపచ్చ చీర ఒకటి ఏరుకుంది. బొడ్డున దోపుకున్న సంచి తీసి, అడిగినంత ఇచ్చేసింది. బిడ్డ తనకు లొంగనందుకు ఆమె ముఖం వెలిగిపోతోంది. చీర పొట్లం చంకన పెట్టుకుని, "మంచిగ అమ్ముతది నీ పిల్ల" అని సేఠ్‌తో అన్నది, తన పిల్ల కానట్టు. రాజనర్సు వైపు చూడకుండానే మెట్లు దిగింది.

ఈలోగా వచ్చి నిలబడిన ఇద్దరు ఆడవాళ్లు ఈ బేరమంతా చూశారు. వాళ్లలో పెద్దావిడ, "మాకూ ఆ అమ్మాయినే చూపించమనండి. పట్టుచీరలు కావాలి" అంది.

సేఠ్ బోణీ డబ్బు కళ్లకద్దుకున్నాడు. కాళ్లు మొక్కే సంగతి ఆయన మరిచిపోలేదు. రాజనర్సు దాని కోసమే తన వైపు చూస్తున్నాడనీ తెలుసు. కాని ఎదురుగా గిరాకీ నిలబడి ఉంది.

"విమలా, అమ్మగార్లకు చూపియ్యి," అన్నాడు.

పట్టుచీరలు పరిచి చూపించడానికి వెలుతురు పడేది, వెడల్పు ఉండేది పరుపు నడుమే. విమల కొస నుంచి లేచి అక్కడికి వచ్చింది. అక్కడ రాజనర్సు కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

"కాకా, జర జరుగుండ్రి," అంది విమల. గొంతు మెత్తగా ఉంది, అడుగుతున్నట్టు లేదు.

రాజనర్సు తలెత్తి ఆమెను చూశాడు, సేఠ్‌ను చూశాడు. బోణీ అయిపోయిందని ఆయనకు తెలుసు. చాపిన కాళ్లు ముడుచుకుని, మెల్లగా పక్కకు జరిగాడు.