సైజు తగ్గించిన పాఠం

వీడియోలు కుదించడంలో మా ఆయనకు ఊళ్లో మంచి పేరుంది. పెళ్లి వీడియో కానివ్వండి, బడి వార్షికోత్సవం కానివ్వండి, వెబ్‌సైట్లో ఆగకుండా ఆడేలా చేసి ఇస్తాడు. బండెడు ఫైలును గుప్పెడు చేస్తాడని షాపుకొచ్చినవాళ్లు మెచ్చుకుంటారు. ఆ మెప్పులు విని విని ఆయన కళ్లు నెత్తికెక్కి చాలా కాలమైంది.

ఆ షాపును రోజంతా కనిపెట్టుకుని ఉండేది మాత్రం ఆయన చెల్లెలు. ఆమెకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. షాపు ఊడ్చేదీ ఆమే, వచ్చినవాళ్ల ఫోన్లలోంచి ఫైళ్లు దించేదీ ఆమే. ఫైళ్లు కుదించే కంప్యూటరును మాత్రం ఆయన ముట్టుకోనివ్వడు. జీతం మాటెత్తితే, ఇంటి మనిషికి జీతమేమిటని ఒంటికాలి మీద లేస్తాడు.

ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలోనే నేను ఆమె సైగలు నేర్చుకున్నాను. గొప్పకు చెప్పడం లేదు, పొద్దస్తమానం వంటింట్లో ఇద్దరమే ఉంటే మరేం చేస్తాను? తోడబుట్టినవాడికి మాత్రం ఆ అవసరం కలగలేదు. ఆమె ఏదైనా చెబుతుంటే నా వైపు తిరిగి "ఏమంటోంది?" అంటాడు. ఆమె మటుకు చిన్నప్పటి నుంచీ ఆయన పెదవులు చూసే ప్రతి మాటా పట్టేస్తుంది.

వినపడని పిల్లలకు సైగలతో లెక్కలు నేర్పే వెబ్‌సైటు ఒకటి టీచర్ల కోసం చూస్తోందని ఆమే కనిపెట్టింది. ఒక పాఠం చెప్పి వీడియో పంపాలి. ఒక్కసారే పంపనిస్తారు, ఫైలు వాళ్లు చెప్పిన సైజు దాటకూడదు. ఎంపికైతే ఉండడానికి గది కూడా వాళ్లే ఇస్తారు. ఈ ఇంట్లోంచి బయటపడడానికి తనకు అదొక్కటే దారి అని నాతో చెప్పింది.

పాఠం షాపులోనే నా ఫోనుతో తీశాం. సగంలో సగం అంటే ఎంతో ఆమె వేళ్లతో విడదీసి చూపిస్తుంటే, లెక్కలంటే ఆమడ దూరం పరిగెత్తే నాకే అర్థమైపోయింది. నాకు కడుపు నిండిపోయింది.

ఫైలు మరీ పెద్దదైంది. గడువు ఆ సాయంత్రమే. మా ఆయన చిటికెలో పని అన్నాడు. మేమిద్దరం ఇంట్లో వంట చూసుకుని వచ్చేలోగా కుదించడం, పంపించడం కూడా అయిపోయింది. పైగా పని కాగానే అసలు ఫైలును తీసిపారేయడం ఆయన అలవాటు. చోటు మిగలాలి కదా. నా ఫోన్లోది కూడా దించేటప్పుడే తుడిచేశాడు.

రాగానే పంపిన వీడియో తెరిచి చూశాం. ఆమె ముఖం అద్దంలా ఉంది. వెనక గోడ మీద మా షాపు బోర్డు, ఫోన్ నంబరుతో సహా, చక్కగా చదవొచ్చు. చేతులు కదిలినప్పుడల్లా మాత్రం వేళ్లు ఉండాల్సిన చోట బూడిదరంగు మసక. ఒక సైగ మొదలయ్యేది, అది పూర్తి కాకుండానే ఆ తర్వాతి సైగ చివర కనిపించేది. ఆమె తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా వెళ్లి చూసింది. తన మాట తనకే అర్థం కాలేదు.

ఇదేమిటని ఆయన్ని నిలదీశాను. వీడియో అంటే వరసగా వచ్చే బొమ్మలేనట. సెకనుకు ముప్పై ఉంటే ఎనిమిది ఉంచి మిగతావి తీసేశాడట.

"మాటల్లేని వీడియోకి అన్ని బొమ్మలెందుకు? నిలబడి చేతులూపింది, అంతేగా. అక్కడ తగ్గించి బోర్డు బాగా కనపడేలా పెట్టా. నలుగురూ చూస్తారు."

"ఆ చేతులే పాఠమండీ," అన్నాను.

"ఊగుతున్నాయిగా. ఇంకేం కావాలి?"

మనిషి నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. నాకు ఆ కంప్యూటరెత్తి వీధిలో వెయ్యాలన్నంత కోపం వచ్చింది. వేసి ఉంటే బాగుండేది.

మరోసారి పాఠం చెప్పి పంపనివ్వమని ఆమె ఆ వెబ్‌సైటు వాళ్లకు రాసి బతిమాలుకుంది. కొద్దిరోజులకు జవాబొచ్చింది. షాపు మెయిలు కాబట్టి ఆయనే తెరిచి పైకి చదివాడు. సైగల్లో స్పష్టత లేదట, పిల్లలకు నేర్పే స్థాయి కాదట, ఇంకో అవకాశం ఇవ్వలేరట. ఆమె ఎదురుగా నిలబడి ఆయన పెదవులనే చూస్తోంది.

"చూశావా, తప్పు నాదన్నావు," అన్నాడు నాతో. "ముందు చేతులు సరిగ్గా తిప్పడం నేర్చుకోమను దాన్ని."

ఆ మాట సైగల్లో చెప్పడానికి నాకు చేతులు రాలేదు. చెప్పాల్సిన పనీ లేకపోయింది. ఆమె వెళ్లి తన స్టూలు మీద కూర్చుని, బల్ల మీదున్న ఎవరిదో ఫోను తీసుకుని, అందులోంచి ఫైళ్లు దించడం మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచి ఆమె సైగలు చెయ్యడం మానేసింది. నాతో కూడా. నేను అడిగితే తలూపుతుంది, లేదంటే అదీ లేదు. మా ఆయన చాలా రోజుల దాకా గమనించనే లేదు. గమనించాక, భోజనం దగ్గర, ఆమె ఎదురుగానే నాతో అన్నాడు.

"ఈమధ్య చెల్లి బుద్ధిగా ఉంటోంది కదూ? ఇన్నాళ్లకి ఇల్లు ప్రశాంతంగా ఉంది."

ఆమె ఆయన పెదవులు చూసి, తల దించుకుని, అన్నం కలుపుకుంది.