దారం కొసలు

"పుస్తకమంటావు, ఒక్క అక్షరం ఉండదు. దీన్ని ఎవరేం చదువుతారు?"

భోజనాల బల్ల మీంచి ఆమె తన సరంజామా ఎత్తుతుంటే ఆయన అన్న మాట అది. కోపంగా కాదు, పాపం, నవ్వుతూనే. ఆయన ఏదన్నా నవ్వుతూనే అంటాడు, అదే వచ్చిన చిక్కు. కోపంగా అంటే తిరిగి ఒక మాట అనొచ్చు. నవ్వుతూ అంటే తనూ నవ్వాలి. నవ్వకపోతే "మా ఆవిడకి సరదా తెలీదు" అని ఇంకో మాట తయారుగా ఉంటుంది.

ఆ ఇంట్లో ఆమెకంటూ ఒక గది లేదు సరే, ఒక బల్ల కూడా లేదు. తినేవాళ్ళు లేచాక ఆ బల్ల ఆమెది, వాళ్ళకి ఆకలేస్తే మళ్ళీ వాళ్ళది. చిరిగిన దుప్పట్లు, దిండు గలీబులు, ఆయన వదిలేసిన చొక్కాలు ముక్కలు చేసి, నానబెట్టి, ఉడికించి, మెత్తగా రుబ్బి, ఆ గుజ్జును జల్లెడ మీద పరిచి కాగితం చేస్తుంది. ఆ కాగితాలను మడతలు పెట్టి దారంతో కుట్టి పుస్తకం చేస్తుంది. ఒకసారి ఆయన స్నేహితులు భోజనానికొస్తే, "మా ఇంట్లో మిక్సీలో దుప్పట్లు కూడా రుబ్బుతారు, కాస్త చూసుకుని తినండి" అన్నాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. వడ్డిస్తూ తనూ నవ్వింది. ఆ మిక్సీ వేరే అని చెప్పబోయి ఊరుకుంది. ఎవరిక్కావాలి?

ఈసారి పుస్తకంలో మాత్రం ఎవరికీ చెప్పకుండా ఒక పని చేసింది. కుడుతుండగా ఎవరైనా పిలిస్తే, ఉన్న చోటే దారం తెంపేసి లేచేది. తిరిగొచ్చాక దానికి కొత్త దారం కలిపి కుట్టేది గానీ, పాత దారం కొసను పొడుగ్గా వేలాడేలా వదిలేసేది. టీ కావాలని ఒకరు, తాళాలు కనపడట్లేదని ఒకరు, బయట బట్టలు తడుస్తున్నాయని ఇంకొకరు. చివరికి పుస్తకం వెన్ను నిండా కొసలే. చదవడానికి ఏముందని అడుగుతాడే, ఉన్నదంతా అదే.

ఆ సాయంత్రమే ప్రదర్శనశాల నుంచి మనిషి వచ్చి, అక్కడ నలుగురూ చూసేలా పెట్టడానికి పుస్తకం తీసుకెళ్ళాలి. ఒక్క మడత కుట్టడం మిగిలింది. ఆరిన బట్టలు తీసుకుని ఆమె లోపలికొచ్చేసరికి, అత్తగారు బల్ల దగ్గర కత్తెర పట్టుకుని కూర్చుని ఉంది. ఒకప్పుడు కుట్టుమిషను మీద వీధంతటికీ బట్టలు కుట్టిపెట్టిన మనిషి. దారం కొస కనిపిస్తే ఆవిడ చెయ్యి ఊరుకోదు.

"ఇంత కష్టపడి చేసి ఈ దారాలు వదిలేశావేంటమ్మా? నలుగురిలో పెడితే నవ్వరూ? అన్నీ శుభ్రంగా కత్తిరించేశాను, చూడు."

పుస్తకం వెన్ను బోసిగా ఉంది. కొసలన్నీ నేల మీద ఉన్నాయి. ఆమె చేతిలో బట్టలతోనే కుర్చీలో కూలబడింది. అరవాలనుకుంది. అయినా ఈవిడ తప్పేముంది? తను చెప్పిందెవరికి గనక? ఇంటినిండా మనుషులున్నా, ఇన్ని నెలలూ ఈ పుస్తకం గురించి తను మాట్లాడింది ఈ పుస్తకంతోనే. ఆ సంగతి ఇప్పుడు తెలిసొచ్చి ఏడుపొచ్చింది.

"అవి మర్చిపోయినవి కావత్తయ్యా. నన్ను పిలిచిన చోట్లు."

"ఏంటీ?"

"కుడుతుంటే ఎవరో ఒకరు పిలుస్తారు కదా. లేచినప్పుడల్లా ఒక కొస వదిలాను."

అత్తగారు కత్తెర బల్ల మీద పెట్టేసింది. పుస్తకం వెన్ను మీద, పొట్టిగా మిగిలిన మొదళ్ళని వేలితో ఒక్కొక్కటే తడిమింది.

"ఇన్నిసార్లా?"

"ఊఁ."

ఆవిడ నడుం పట్టుకుని వంగి, నేల మీది దారాలు ఏరడం మొదలుపెట్టింది. "మళ్ళీ అతికించొచ్చేమో కదే?"

"అతికించొచ్చు. కానీ అబద్ధమైపోతుంది. ఇలాగే వెళ్ళనివ్వండి."

అత్తగారు ఏరిన దారాలు గుప్పెట్లో పట్టుకుని మళ్ళీ కుర్చీలో కూర్చుంది. "మిషను మీద కూర్చుంటే నన్నూ పిలిచేవాళ్ళు," అంది. "ముడేసి, కొస కత్తిరించి మరీ లేచేదాన్ని. ఏ బట్ట తిరగేసి చూసినా కనపడదు."

ఇన్నేళ్ళుగా ఒకే వంటింట్లో తిరుగుతున్నారు, ఆవిడ ఏమేం కుట్టేదో తనెప్పుడూ అడగలేదు. ఆమె సూదికి పొడుగాటి దారం ఎక్కించి చివరి మడత అందుకుంది.

"ఇదిగో, ఎక్కడున్నావ్? కాస్త టీ పెడతావా?" హాల్లోంచి ఆయన పిలిచాడు.

ఆమె చెయ్యి దానంతటదే కత్తెర దాకా వెళ్ళింది. అక్కడే ఆగింది. ఎదురుగా అత్తగారు బల్ల అంచు పట్టుకుని, మోకాళ్ళ నొప్పితో మూలుగుతూ, అలవాటు కొద్దీ అప్పుడే సగం లేచింది.

"ఏమోయ్, వినపడుతోందా?"

"కూర్చోండత్తయ్యా," అందామె, కాగితంలోకి సూది దించుతూ. "ఈ మడత ఒక్క దారంతో అయిపోవాలి."