తెల్లచీరకు పసుపు ఎక్కడిది?

"ఇది మా తెల్ల గద్వాల చీరండి. ఇదేమో మీరు తీసిన ఫోటో. రెండూ ఒక్కటేనంటే మీరైనా నమ్ముతారా?"

మధ్యాహ్నం పన్నెండింటికి రాజరాజేశ్వరి టేబుల్ మీద చీరనూ ప్రింటునూ పక్కపక్కన పెట్టారు. చీర మల్లెపువ్వులా ఉంది. ప్రింటులో మాత్రం పసుపునీళ్లలో ముంచి తీసినట్టుంది.

ఆవిడకు కొండాపూర్‌లో చీరల షాపు ఉంది. కేటలాగులో ఫోటో చూసి ఊళ్లవాళ్లు ఆర్డరిస్తారు. రంగు తేడా వస్తే చీర తిరిగొస్తుంది. సాయంత్రం ఐదుకు వస్తానన్నారు. నమూనాగా తీయించిన ఎనిమిది చీరల ఫోటోల్లోనూ రంగులు సరిపోతే ఏడాది కేటలాగు పనంతా ఫోటోలు తీసిన హర్షిణిదే. లేకపోతే ఇంకో స్టూడియో సిద్ధంగా ఉంది. చీరల పెట్టె అక్కడే వదిలి వెళ్లిపోయారు.

హర్షిణి ఆరేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి, పుప్పాలగూడలో సొంతింటి పైఅంతస్తులో స్టూడియో పెట్టింది. రెండు నెలలు రివ్యూలు చదివి, ఒక్కో భాగం ఏరి కంప్యూటర్ చేయించుకుంది. దానికి ఇంకా నెల కూడా నిండలేదు. ఫోటోగ్రాఫర్లకు ఇంతకు మించింది లేదని షాపువాడు ఒట్టేసినంత పని చేశాడు.

వెంటనే ఓంకార్‌కు ఫోన్ చేసింది. కాలేజీ స్నేహితుడు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక ఆఫీసు కంప్యూటర్లన్నీ అతని చేతిలోనే ఉంటాయి. సగంరోజు సెలవు పెట్టి, హత్య జరిగిన ఇంటికి వచ్చిన ఇన్‌స్పెక్టర్‌లా దిగాడు.

మొదటి అనుమానం నార్సింగిలోని ప్రింటింగ్ ల్యాబ్ మీద. ఫోన్ చేస్తే, అదే రోజు అదే కాగితం మీద వేసిన పెళ్లి ఆల్బమ్ ఫోటోలు పంపారు. ముత్యాల్లా ఉన్నాయి. ల్యాబ్ నిర్దోషి.

రెండో అనుమానం కంప్యూటర్ మీద. గంటసేపు దాన్ని పరీక్షల మీద పరీక్షలు పెట్టి సతాయించాడు. అది అన్నింట్లో పాసైంది. కనీసం వేడెక్కలేదు.

మిగిలింది స్క్రీన్. దాన్ని అనుమానించడానికి వీల్లేదంది హర్షిణి. సబ్బుబిళ్లంత పరికరం ఒకటుంది. స్క్రీన్‌కు ఆనించి పెడితే రంగులు కొలిచి, తేడా ఉంటే సరిచేస్తుంది. ప్రతి సోమవారం తను ఆ పని తప్పకుండా చేస్తోంది.

తన ముందు ఒకసారి చేయమన్నాడు ఓంకార్. ఐదు నిమిషాల్లో రంగులన్నీ సరిగ్గా ఉన్నాయని సందేశం వచ్చింది. అతను తెల్లచీర తీసి స్క్రీన్ పక్కన పట్టుకున్నాడు.

స్క్రీన్ మీది తెలుపు నీలిమందు ఎక్కువైన బట్టలా ఉంది.

రోజూ దాని ముందే కూర్చున్న హర్షిణి కళ్లు ఆ నీలానికి అలవాటు పడిపోయాయి. చీరలు కాస్త వెలవెలబోయినట్టు కనిపిస్తున్నాయని ప్రతి ఫోటోకూ తనే పసుపు కలిపింది. మరి పరికరం ఎందుకు అబద్ధం చెబుతోంది? ఓంకార్ దాన్ని వెనక్కి తిప్పాడు.

రంగులు చూసే అద్దం మీద ఎండిన పసుపు. మధ్యలో కుంకుమ చుక్క.

మూడున్నర అయింది. హర్షిణి తల్లి సత్తెమ్మ చాయ్ పట్టుకొచ్చి, ఇద్దరూ తన వైపే చూడటంతో ఆగిపోయింది.

"దసరా నాడు అన్ని సామాన్లకు బొట్టు పెట్టిన గద. కెమెరాల అద్దాల మీద వద్దంటే పెట్టలే. దీని సంగతి నాకు చెప్పినవా? మొఖం ఏ దిక్కున్నదో ఏమెరుక, అందుకనే రెండు దిక్కుల పెట్టిన."

పైవైపు బొట్టును హర్షిణి పండుగ మర్నాడే తుడిచేసింది. కింద చూడలేదు. పసుపు అద్దంలోంచి చూసిన పరికరం, స్క్రీన్ పసుపెక్కిందనుకుని వారం వారం దానికి నీలం దట్టించింది.

తడి దూదితో తుడిచి మళ్లీ కొలిచేసరికి స్క్రీన్ దారికొచ్చింది. అన్ని ఫోటోల్లోనూ ఒకే తప్పు కాబట్టి హర్షిణి ఒకే దెబ్బకు పసుపు తీసేసింది. తర్వాత ఒక్కో చీరా పక్కన పట్టి సరిచూసింది. ఎనిమిదోది ముగిసేసరికి ఐదుకు పది నిమిషాలుంది. బయట లిఫ్ట్ తలుపు చప్పుడైంది.

రాజరాజేశ్వరి కళ్లజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి, స్క్రీన్ పక్కన చీరలు పట్టుకుని ప్రతి అంచూ చూశారు.

"ఇప్పుడు సరిపోయిందండి. వచ్చే నెల మళ్లీ తప్పు రాదని ఏంటి నమ్మకం? అసలు పొరపాటు ఎక్కడ జరిగింది?"

ఓంకార్ ఏదో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ గురించి మొదలుపెట్టాడు. కొత్త కంప్యూటర్ మీదకు నెట్టేస్తే మర్యాద దక్కుతుంది. బొట్టు కథ చెబితే ఈవిడ నవ్వి వెళ్లిపోవచ్చు. హర్షిణి ఒక్క క్షణం ఆలోచించి అతన్ని ఆపింది. పరికరాన్ని ఆవిడ చేతిలో పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది. గుమ్మం దగ్గర సత్తెమ్మ కొంగు సర్దుకుంది.

రాజరాజేశ్వరి నవ్వలేదు. పరికరాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, షాపు మేనేజర్‌కు ఫోన్ చేశారు.

"ఈశ్వరయ్య గారూ, బిల్లింగ్ దగ్గర బార్‌కోడ్ చీటీలు చదివే మెషిన్ పండగ నుంచి పనిచేయట్లేదన్నారు కదండీ. కంపెనీవాళ్లని పిలవకండి. దాని అద్దం మీద బొట్టుందేమో చూడండి."

రెండు నిమిషాలకు ఫోన్‌లోంచి సన్నగా వినిపించింది.

"ఉందండి. గంధం కూడా ఉంది. నేనే పెట్టానండి."

రాజరాజేశ్వరి ఫోన్ కట్ చేయకుండానే టేబుల్ మీద పెట్టేసి, సంచిలోంచి ఒప్పంద పత్రం తీసి హర్షిణి ముందుకు జరిపారు. సోమవారం నలభై చీరలు పంపిస్తానన్నారు. హర్షిణి సంతకం చేస్తుంటే, ఫోన్‌లో ఈశ్వరయ్య దూది ఎక్కడుందని ఇంకా ఎవరినో అడుగుతూనే ఉన్నారు.