దుప్పట్ల ప్రకటన తర్వాత

2005 చలికాలంలో న్యూజీలాండ్ టీవీలో ఒక దుప్పట్ల ప్రకటన తెగ ఆడింది. ముసలి రైతు ఒకాయన కంచె దాకా నడిచొచ్చి, తన గొర్రెకు గుడ్‌నైట్ చెప్పి, ఇంట్లోకెళ్లి ఉన్ని దుప్పటి ముసుగుతన్ని పడుకుంటాడు. అంతే. ఆ ఆలోచన ఉషశ్రీది. హైదరాబాద్‌లో ప్రకటనల రంగంలో పనిచేసిన ఉషశ్రీ, భర్త భార్గవ్‌తో ఆక్లాండ్ వచ్చిన కొత్తలో వీధి మలుపులోని డెయిరీలో, అంటే అక్కడి చిల్లర కొట్లో, పాలూ పేపర్లూ అమ్మింది. తర్వాత ఒక యాడ్ ఏజెన్సీలో రిసెప్షనిస్టుగా చేరి, క్లయింట్ల వ్యవహారం మొత్తం చూసుకునే స్థాయికి ఎదిగింది.

ప్రకటన అంత బాగా ఆడటమే చిక్కు తెచ్చింది. హామిల్టన్ దగ్గర ఆ దుప్పట్లు నేసే చిన్న ఉన్ని మిల్లు యజమానురాలు మార్గరెట్ ఒకరోజు ఫోన్ చేసింది.

"మీ గొర్రె మమ్మల్ని ముంచేలా ఉంది, ఉషా. షాపుల వాళ్లు దుప్పట్లేవని అరుస్తున్నారు. నేసే దానికి రెండింతలు అడుగుతున్నారు."

ఉషశ్రీ వెళ్లి బాస్ స్టూవర్ట్‌తో చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "జనాన్ని షాపు దాకా తీసుకెళ్లడం మన పని. లోపల సరుకు లేకపోతే మనమేం చేస్తాం?"

ఆయన మాటలో తప్పు లేదు. అయినా ఉషశ్రీకి మనసు ఊరుకోలేదు. శనివారం భార్గవ్‌నీ, ఏడేళ్ల కూతురు అక్షయనూ కారెక్కించుకుని మిల్లుకు బయల్దేరింది. వాళ్లిద్దరూ బయట గొర్రెపిల్లలతో ఆడుకుంటుంటే, తను మగ్గాల మధ్య తిరుగుతూ కనిపించిన ప్రతిదాని గురించీ అడిగింది. రంగు మార్చినప్పుడల్లా మగ్గం ఆపి నూలు మళ్లీ ఎక్కించాలి. దానికి ఒక పూట పోతోంది. మిల్లులో నేసే రంగులేమో డజను పైనే.

"వీటిలో బాగా అమ్ముడయ్యేవి ఏవి?" అని అడిగింది.

"క్రీము, నీలం, బూడిద రంగు. మిగతావి మా నాన్న కాలం నుంచీ నేస్తున్నాం కాబట్టి నేస్తున్నాం."

"ఈ చలికాలానికి ఆ మూడే నేస్తే?"

మార్గరెట్ రంగుల పట్టిక తీసి మిగతావన్నీ కొట్టేసింది. సోమవారం నుంచి మూడే రంగులు నేయించింది. నెల తిరక్కుండా షాపుల అరుపులు తగ్గాయి.

ఆ ఉత్సాహంలో ఆమె మళ్లీ ఫోన్ చేసింది. "ఆస్ట్రేలియా వాళ్లు దుప్పట్లు కావాలంటున్నారు. కొత్త మగ్గాలు పెట్టమంటావా, ఇంకో మిల్లుతో నేయించమంటావా?"

ఎలా తేల్చాలో ఉషశ్రీకి తెలియలేదు. "నాకు తెలీదు మార్గరెట్" అని ఒప్పుకుంది. సిగ్గుపడాల్సిన మాటే. కానీ ఫోన్ పెట్టేశాక, ఇలాంటివి ఎలా తేలుస్తారో నేర్చుకోవాలని ఉత్సాహం పొంగింది. ఏ ప్రకటనకు బహుమతి వచ్చినప్పుడూ ఆమెకు అలా అనిపించలేదు.

ఆక్లాండ్‌లో మౌంట్ ఆల్బర్ట్ పేటలోని ఇంట్లో ఆ సాయంత్రం ఆలోచనల్లో పడి ఉషశ్రీ ఉప్మా మాడ్చింది.

"ఏవండీ, నేను ఎంబీఏ చేస్తాను."

భార్గవ్ గిన్నె దించి స్టవ్ ఆపాడు. "చెయ్యి. పార్ట్‌టైమ్ ఉంటుందిగా? ఈవెనింగ్ క్లాసులు. జాబ్ వదలక్కర్లేదు."

"సగం మనసు ఆఫీసులో పెట్టి చదవడం నా వల్ల కాదండీ. ఫుల్‌టైమే చేస్తాను. ఒక్క ఏడాది."

"ఇప్పుడే కదా సెటిల్ అయ్యాం, ఉషా!"

"అయ్యాం కాబట్టే అడుగుతున్నా. ఇంకో రెండేళ్లు ఆగితే నాకే ధైర్యం చాలదు."

అతను గరిటెతో మాడిన గిన్నె అడుగు గీకాడు. చివరికి, "అయితే ఏడాదంతా వంట నాది. దీనికన్నా బాగానే చేస్తాలే" అన్నాడు. గుమ్మంలో నిలబడి వింటున్న అక్షయ కళ్లు పెద్దవి చేసి, "అమ్మా, యూ ఆర్ గోయింగ్ టు స్కూల్? రియల్లీ?" అంది.

మరుసటి వారమే స్టూవర్ట్ ఆమెను గదిలోకి పిలిచి డైరెక్టర్ పదవి ఇస్తానన్నాడు. ఎన్నాళ్ల నుంచో ఎదురుచూసిన మాట అది. ఉషశ్రీ థాంక్స్ చెప్పి, చదువుకోవడానికి వెళ్తున్నానంది.

"తిరిగొచ్చేసరికి ఈ కుర్చీ ఖాళీగా ఉండదు."

"తెలుసు స్టూవర్ట్. ఇంకో కుర్చీ వెతుక్కుంటాను."

బయటికొచ్చి లిఫ్ట్ కోసం ఆగలేక మెట్లు దిగింది. నవ్వు ఆగడంలేదు. క్వీన్ స్ట్రీట్‌లో జనం మధ్య నుంచి దాదాపు పరిగెత్తింది.

యూనివర్సిటీ ఇంటర్వ్యూలో ప్రొఫెసర్ కళ్లద్దాలు సవరించుకుంటూ అడిగాడు, "ఇంత మంచి ప్రకటనలు చేశారు. అది వదిలి ఇక్కడికెందుకు?"

"ప్రకటన అయ్యాక ఏం జరుగుతుందో చూశాను సర్. నాకు అదే ఎక్కువ నచ్చింది."

సీటు వచ్చింది. మార్గరెట్ అప్పటికే పక్క ఊరి మిల్లుతో మాట్లాడుకుని ఆస్ట్రేలియాకు మొదటి సరుకు పంపేసింది.

ఫిబ్రవరిలో క్లాసులు మొదలయ్యాయి. ఒక పక్క నేవీలో పనిచేసొచ్చిన ఆఫీసరు, ఇంకో పక్క వెల్లింగ్టన్ ఆసుపత్రి నుంచి వచ్చిన నర్సు. అకౌంటింగ్ క్లాసులో ఉషశ్రీ పదేపదే చెయ్యెత్తింది. ఒకసారి క్లాసంతా నవ్వింది, తనూ నవ్వి మళ్లీ అడిగింది.

సాయంత్రం ఇంటి దగ్గరి రైల్వే స్టేషన్ బయట భార్గవ్ కారుతో ఉన్నాడు. "ఎలా ఉంది?"

"సగం అర్థం కాలేదండీ." సీటుబెల్టు పెట్టుకోవడం కూడా మర్చిపోయి అతని వైపు తిరిగింది. "అర్థమైన సగం చెప్తాను, వినండి." ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉంది.