మెరుగు పెట్టిన సొట్ట

"మొహం చూసుకునేలా ఉండాలి ఉమ్ హైతమ్! పెద్దమనుషులు వస్తున్నారు, అందరికంటే ముందు మన కారే వెళ్లాలి" అని బాల్కనీలోంచి అరిచాడు మా ఆయన, చేతిలో టీ గ్లాసు పట్టుకుని.

శుక్రవారం. జర్కాలో మా వీధికి వారానికోసారి నీళ్లొచ్చే రోజు. మిద్దె మీద ట్యాంకులు నిండే ఆ కాసేపట్లోనే బట్టలుతకాలి, మెట్లు కడగాలి, వారానికి సరిపడా డ్రమ్ములు నింపుకోవాలి. అవన్నీ వదిలేసి ఆయనగారి నల్ల కారు ముందు గొంతుక్కూర్చున్నాను. ఆయనకి నడుం నొప్పి. ఆ నొప్పి మొదలైన ఏడాది నుంచీ కారు కడిగేది నేనే, మెరుగు పెట్టేది నేనే. నాకూ ఒక నడుం ఉందని ఈ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. పైన స్నానాల గదిలో మా అబ్బాయి హైతమ్ కూనిరాగాలు తీస్తున్నాడు; నన్ను అందరూ ఉమ్ హైతమ్, అంటే హైతమ్ తల్లి, అని పిలిచేది వీడి పేరుతోనే. డ్రమ్ములోకి పోవాల్సిన నీళ్లు వాడి వీపు మీద పోతున్నాయి.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక మా కోడలు అరీజ్ పుట్టింటికి జాహా వెళ్తున్నాం. అంటే, ఊళ్లో పరువున్న పెద్దల్ని వెంటబెట్టుకుని అడగడానికి వెళ్లడం. పిల్ల అలిగి వెళ్లిపోయింది, తిరిగి తెచ్చుకోవాలి. వాళ్లు కాఫీ తెచ్చి ముందు పెడతారు. వచ్చిన పని ఒప్పుకునేదాకా మనం కప్పు ముట్టం. ముట్టామంటే ఇక అడగాల్సిందేమీ లేదనే అర్థం. మగవాళ్లకి ముందు గదిలో, ఆడవాళ్లకి లోపలి గదిలో, ఇద్దరికీ ఇదే మర్యాద. ముందు గదిలో గడ్డాలు ఎంత గంభీరంగా మాట్లాడినా, పిల్లని కదిలించేది లోపలి గదిలో అత్తగారి మాటే. ఆ అత్తగారిని నేను.

సబ్బు నురగ కడిగేసి, తడి తుడిచి, పాత బనియన్ గుడ్డతో మైనం పట్టించాను. చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దాలి, తెల్లగా ఆరనివ్వాలి, పొడి గుడ్డతో తుడిచెయ్యాలి. ముందు భాగం అయింది, ముందు తలుపులయ్యాయి. ఎదురింటి బాల్కనీ కడ్డీలు కారు మెరుపులో తిన్నగా, వరసగా కనిపిస్తున్నాయి. వెనక తలుపు తుడిచేసరికి ఆ కడ్డీలు ఒకచోట వంకర తిరిగాయి. మళ్లీ తుడిచాను. మళ్లీ అక్కడే వంకర. చేత్తో తడిమితే లోపలికి పోయిన సొట్ట, అరచేతంత. దుమ్ములో, వెలిసిన రంగులో ఇన్నాళ్లూ కనబడలేదు. మెరుగు పెట్టాకే బయటపడింది.

వీధిలో ఎవరైనా చూస్తున్నారో లేదో కూడా ఆలోచించకుండా వంగి, ఆ సొట్టలో నా నుదురు ఆనించాను. సరిగ్గా సరిపోయింది.

అరీజ్ మెట్ల మీద జారిందన్నాడు హైతమ్. ఆ రాత్రి అరీజ్ నుదుటి మీద మంచుగడ్డ పెట్టింది నేనే. పిల్ల ఒక్కసారి నా కళ్లలోకి చూసి కళ్లు మూసుకుంది.

"ఏంటమ్మా, అక్కడే ఉండిపోయావ్? ఇంకా అవలేదా?" హైతమ్ కిందికొచ్చాడు, ఇస్త్రీ చొక్కా, అత్తరు వాసన.

"ఈ సొట్ట ఏంట్రా?"

"ఏదో రాయి తగిలుంటుంది."

"రాయి తగిలితే రంగు లేచిపోదూ? ఇక్కడ గీత కూడా లేదు."

వాడు చొక్కా చేతులు సర్దుకున్నాడు. "విసిగించేసిందమ్మా. ఇంటి ముందు దిగి కూడా నోరు ముయ్యదే! ఒక్కసారి నెట్టాను, అంతే. కారు అడ్డమొచ్చింది."

"కారు అడ్డమొచ్చిందా!"

"అబ్బా, కావాలని చేశానా ఏంటి?"

నా కడుపున పుట్టినవాడు. వాడి మొహం మీద ఆ తడి గుడ్డ విసరాలనిపించింది.

కేకలు విని మా ఆయన దిగొచ్చాడు. సొట్ట చూశాడు. కొడుకు వైపు మాత్రం చూడలేదు. "ఆ పక్క అంత మెరుపెందుకు? కాస్త మట్టి నీళ్లు కొట్టు, మాసినట్టుంటుంది. నేను అటువైపు గోడకి ఆనించి ఆపుతాలే" అన్నాడు. "నువ్వు మాత్రం లోపల నాలుగు మంచి మాటలు చెప్పు. నీకు తెలీనిదా? నువ్వూ అలిగి వెళ్లినదానివే కదా. తిరిగొచ్చావా లేదా? కాపురం చేశామా లేదా?"

వచ్చాను. నిజమే. హైతమ్ అప్పుడు చంటివాడు. మా ఆయన వాళ్ల మామ దగ్గర కారు అడిగి తెచ్చారు, తళతళలాడుతూ మా గుమ్మం ముందు ఆగింది. మా నాన్న ఆ మెరుపు చూసి మెత్తబడిపోయాడు. "చూశావా తల్లీ, నిన్నెంత గౌరవిస్తున్నారో" అన్నాడు. మా అత్తగారు నా చెయ్యి పట్టుకుని "నువ్వు లేక ఇల్లు చీకటైపోయిందే" అంది. నా దవడ ఎందుకు వాచిందని ఆవిడ అడగలేదు. ఆవిడకి తెలుసు. ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. అప్పటికి నా పిల్లాడు వాళ్ల నాన్నని చూసి అన్నీ నేర్చేసుకున్నాడు.

మట్టి నీళ్లు కొట్టలేదు. ఇంకొంచెం మైనం తీసి, వెనక తలుపు మీద చెయ్యి నొప్పెట్టేదాకా రుద్దాను. సొట్ట గిన్నెలా తేలింది. "పిచ్చెక్కిందా నీకు?" అన్నాడాయన.

అరీజ్ ఇంటి ముందు ఆయన అన్నట్టే ఆ పక్కని గోడకి ఆనించి కారు ఆపాడు. నన్ను లోపలికి తీసుకెళ్లారు. అరీజ్ కిటికీ దగ్గర కూర్చుని ఉంది, నుదుటి మీద ఇంకా పసుపచ్చగా మచ్చ. వాళ్లమ్మ చిన్న కప్పులో కాఫీ పోసి నా ముందు పెట్టింది. పిన్నులు, అక్కలు మాటలాపి నా నోటివైపు చూస్తున్నారు. అవతల గదిలో మా ఆయన దగ్గాడు, ఇక మొదలుపెట్టమన్నట్టు.

కప్పు ఎత్తి, వేడి వేడిగా చివరి చుక్కదాకా తాగేశాను. నా వేళ్లకి ఇంకా మైనం వాసన వస్తూనే ఉంది.

"అయ్యో ఉమ్ హైతమ్! ఏమీ అడక్కుండానే..." అంది వాళ్లమ్మ, గుండె మీద చెయ్యేసుకుని.

"నేను అడగాల్సిందేమీ లేదమ్మా."

అరీజ్ తలెత్తింది.

"బయట కారు బాగా మెరుస్తోంది అమ్మాయ్, పొద్దుట్నుంచీ నేనే తోమాను" అన్నాను. "నువ్వు ఎక్కకు."